ఊళ్ళు అమ్మబడును

శంషాబాద్ దాటి ముందుకు పోతే రోడ్డుకు అటూ ఇటూ ఫ్లెక్సీలు. వాటి మీద ఈతకొలను, క్లబ్ హౌసు, పచ్చగడ్డిలో పరిగెత్తే తెల్లదొరల పిల్లలు. వాటి వెనక బండరాళ్ళు, సర్కారు తుమ్మ. అమ్మేవాడికి అక్కడ గజం నేల ఉండక్కర్లేదు. బ్రోచరూ, నోరూ ఉంటే చాలు. ప్రీ-లాంచ్ ఆఫరనే ఈ విద్యకు ఆదిగురువులం మనమేనని నేను తెగ మురిసిపోతుండేవాణ్ణి. అమెరికావాళ్ళు నా మురిపెం కాస్తా తీర్చేశారు. మనవాళ్ళు ఎంత బరితెగించినా ఊరి బయట పొలాలే అమ్మారు. కాలిఫోర్నియాలో ఒక వీడియోగేమ్ కంపెనీ ఏకంగా ఊళ్ళనే అమ్మింది. లండన్, సియోల్, షాంఘై, బోస్టన్, న్యూయార్క్! ఒక్కోటి రెండు కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. నాటి మారకంలో మన డబ్బు సుమారు 130 కోట్లు.

కంపెనీ పేరు బ్లిజార్డ్. ఆట పేరు ఓవర్‌వాచ్. 2016 మేలో విడుదలైంది. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు, రకరకాల వీరుల వేషాల్లో తెర మీద కాల్చుకుంటారు. ఆట బాగుంటుంది, అందులో పేచీ లేదు. ఆ నవంబరులోనే కంపెనీ చాటింపు వేసింది: ఇకమీదట దీనికి ఓవర్‌వాచ్ లీగ్ ఉంటుంది, ఒక్కో జట్టుకు ఒక్కో నగరం ఉంటుంది, పుట్టిన ఊరి మీద జనానికి ఉండే వల్లమాలిన అభిమానమంతా టిక్కెట్లుగా, టీషర్టులుగా, టీవీ హక్కులుగా రాలుతుంది. జట్టు అడుగున పడితే కింది లీగుకు దిగజారే బెడద కూడా లేదు. ఒకసారి కొనుక్కున్నవాడికి సీటు ఖాయం.

కొన్నవాళ్ళు అమాయకులా అంటే, అబ్బే. బోస్టన్‌ను కొన్నది న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్. న్యూయార్క్‌ను కొన్నది బేస్‌బాల్ జట్టు మెట్స్‌ను నడిపిన విల్పాన్ కుటుంబం. ఫిలడెల్ఫియా కేబుల్ టీవీ దిగ్గజం కామ్‌కాస్ట్ చేతికి పోయింది. లాస్ ఏంజెలెస్‌లో ఒక వాటా స్టాన్ క్రోంకీది. 2016లో సెయింట్ లూయిస్ జనం నెత్తీనోరూ బాదుకుంటున్నా వినకుండా రామ్స్ జట్టును మూటగట్టి లాస్ ఏంజెలెస్‌కు తరలించిన మహానుభావుడీయనే. ఊరి పేరుకు ఎంత విలువుందో, ఆ ఊరి జనానికి ఎంత విలువుందో ఆయనకు విడివిడిగా తెలుసు. ఇంతటి ఘటికుల చేత ఖాళీ కుర్చీ కొనిపించాడంటే, అమ్మినవాడికి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

ఇక గృహప్రవేశం. 2018 జనవరిలో పన్నెండు జట్ల మధ్య సమరం మొదలైంది. జరిగింది మాత్రం ఒకే ఒక్క భవనంలో. లాస్ ఏంజెలెస్ పక్కన బర్బ్యాంక్‌లో ఒక పాత టీవీ స్టూడియో ఉంది. జానీ కార్సన్ ఏళ్ళ తరబడి 'టునైట్ షో' చేసిన ఆవరణ అది. దానికే రంగులేసి బ్లిజార్డ్ అరీనా అన్నారు. లండన్ సొంతగడ్డ అదే. షాంఘై సొంతగడ్డ అదే. సియోల్ వచ్చి బోస్టన్‌తో ఆడేదీ అక్కడే. ఒకే వేదిక మీద, ఒకే ఏసీ గాలిలో, పది అడుగుల ఎడంలో కూర్చుని ఒకరు సొంతూళ్ళో ఆడుతున్నట్టు, ఇంకొకరు పొరుగూరు వచ్చినట్టు. మరి ఎవరు ఎవరింటికి వచ్చారో తెలిసేదెలా? తెర మీద బొమ్మల బట్టలు చూసి. ఆతిథ్య జట్టు వీరులకు తమ రంగులు, అతిథి జట్టు వీరులకు తెలుపు. ఆ బట్టలు కూడా ఊరికే రావు. మీ బొమ్మకు మీ ఊరి చొక్కా తొడగాలంటే వంద టోకెన్లు సమర్పించుకోవాలి. టోకెన్లు ముద్రించేదీ కంపెనీయే. ఇలా మొదటి రెండు సీజన్లూ దాదాపుగా ఆ స్టూడియోలోనే తెల్లారాయి.

మొదటి ఏడు కప్పు లండన్ స్పిట్‌ఫైర్‌ది. బృందంలో ఉన్న కుర్రాళ్ళంతా కొరియావాళ్ళు. ఉన్నది కాలిఫోర్నియాలో. ఫైనల్ ఆడింది బ్రూక్లిన్‌లో. ఓడింది ఫిలడెల్ఫియా. ఇందులో లండన్ ఎక్కడుందని అడిగేవాడు కళాహృదయం లేనివాడు. పేరులో ఉంది కదా! పాపం షాంఘై డ్రాగన్స్ సంగతి వేరే. మొదటి సీజన్లో నలభై ఆడి నలభై ఓడారు. చైనా కంపెనీ నెట్‌ఈజ్ వారి జట్టది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మొదటి గెలుపు దొరికింది. నా మట్టుకు నాకు, ఈ లీగు మొత్తంలో కల్తీలేని భావోద్వేగం ఏదైనా ఉందంటే ఆ రోజు వాళ్ళ అభిమానులు పెట్టిన కేకలే. ఊరుతో పని లేకుండానే మనుషులు ఓడిపోయేవాడి పక్షాన చేరతారు. కంపెనీ దాన్ని అమ్మడం మర్చిపోయింది.

ఇక్కడ మన క్రికెట్ పెద్దలు నవ్వుకోవడానికేం లేదు. హైదరాబాదు పేరు మోసిన దక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది జోహానెస్‌బర్గ్‌లో. ఎన్నికల పుణ్యమా అని ఆ ఏడు లీగంతా దక్షిణాఫ్రికాకు తరలింది. మరుసటేడు సొంత మ్యాచులు నాగపూర్, కటక్, నవీ ముంబయిలలో ఆడింది. 2012లో జట్టే రద్దయింది. హైదరాబాదు సీటును సన్ టీవీ వారు కొనుక్కున్నారు, కొత్త పేరు పెట్టుకున్నారు. అయితే ఒక్క తేడా ఉంది, అసలు కీలకం అందులోనే ఉంది. చార్జర్స్ పోయిన మర్నాడు కూడా పాతబస్తీ గల్లీల్లో పిల్లలు గోడకు మూడు గీతలు గీసి ఆడుకున్నారు. బీసీసీఐకి ఎన్ని కోట్లున్నా బంతి మీద హక్కు లేదు. ఓవర్‌వాచ్‌లో బంతి కంపెనీది, గ్రౌండు కంపెనీది, అంపైరు కంపెనీ జీతగాడు, ఎండావానా కూడా కంపెనీ చెప్పినట్టే. ఈ వ్యాపారంలోని మేధంతా ఇదే: తనది కాని ఊరిని రెండు కోట్ల డాలర్లకు అమ్మింది, తనదైన ఆటను మాత్రం వీసమెత్తు వదులుకోలేదు.

వదులుకోకపోతే ఏమవుతుందో కొన్నవాళ్ళు నిదానంగా తెలుసుకున్నారు. 2019లో దాదాపు అన్ని జట్లూ ఒకే తరహా వ్యూహం పట్టుకుని చూసేవాళ్ళకు విసుగు పుట్టించాయి. కంపెనీ సీజన్ మధ్యలోనే ఎవరు ఏ పాత్ర ఆడాలో రూలు పెట్టేసింది. 2020లో ఈ వారం ఫలానా వీరులు సెలవంది. ఆ తర్వాత, ఆటకు రెండో భాగం వస్తోంది కాబట్టి ఇకనుంచి జట్టుకు ఆరుగురు కాదు, ఐదుగురే అని సెలవిచ్చింది. పన్నెండేళ్ళ వయసు నుంచి మౌస్ పట్టి చేతులు పడిపోయేలా సాధన చేసిన ఆరోవాడు ఏమైనట్టు? కబడ్డీలో రేపట్నుంచి ఆరుగురే అంటే ఊళ్ళు భగ్గుమంటాయి. ఇక్కడ అది ఒక అప్‌డేటు. డౌన్‌లోడ్ అయ్యేదాకా ఆగండి. 2022 అక్టోబరులో రెండో భాగం రాగానే మొదటి ఆట సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్న ఆట, లీగు నిలబడ్డ ఆట, మళ్ళీ ఆడదామన్నా లేదు.

ఈ జబ్బు ఒక్క బ్లిజార్డ్‌ది కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే మరో ఆటలో టీఎస్‌ఎమ్ అని పేరుమోసిన అమెరికన్ జట్టు. 2021 జూన్‌లో తన పేరు పక్కన ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీ పేరు తగిలించుకునేందుకు పదేళ్ళకు 21 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆట సొంతదారు రాయట్ మా లీగులో ఆ తోక పలకం అంది. పలకలేదు. సొంత పేరు అమ్ముకున్నా దాన్ని పలకాలో వద్దో చెప్పేది ఇంకొకడు. పైగా 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. 2023లో టీఎస్‌ఎమ్ ఆ లీగులో సీటే అమ్ముకుని బయటపడింది.

ఆడే పిల్లల మాటేమిటి? నిజం చెప్పుకోవాలి, ఓవర్‌వాచ్ లీగ్ మొదట్లో ఒక మంచి పని చేసింది. ఆటగాడికి ఏడాదికి కనీసం 50 వేల డాలర్ల జీతం, ఆరోగ్య బీమా. ఎవడి గదిలో వాడు కూర్చుని బహుమతి డబ్బు కోసం దేవుళ్ళాడే కుర్రాళ్ళకు అది చిన్నది కాదు. అయితే మంచి పని ఒంటరిగా రాకూడదు కదా. పక్కనే 'పోటీ సమతూక పన్ను' అనే తోడు. జట్టు మొత్తం జీతాలు ఒక గీత దాటితే దాటిన ప్రతి డాలరుకూ ఇంకో డాలరు కప్పం కట్టాలి, ఆ కప్పం మిగతా జట్లు పంచుకుంటాయి. అంటే పనివాడికి ఎక్కువిస్తే పొరుగువాడికి జరిమానా కట్టాలి. దీని మీద 2023 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ కేసు వేసింది, కంపెనీ రాజీకొచ్చింది. పెట్టుబడిదారీ విధానానికి పెట్టనికోటయిన దేశంలో పోటీ అనే మాటకు ఇంత గౌరవం జరిగింది.

ఊళ్ళ దగ్గరికొద్దాం. 2020 ఫిబ్రవరిలో ఎట్టకేలకు జట్లు తమ తమ నగరాలకు బయల్దేరాయి. అప్పటికి వాటి సంఖ్య ఇరవై. రెండో విడతలో ప్యారిస్, టొరంటో, అట్లాంటా, హాంగ్‌జౌ వగైరాలు కూడా అమ్ముడుపోయాయి, మొదటి విడత కంటే ఎక్కువ ధరకే. న్యూయార్క్‌లో మొదటి హోమ్ మ్యాచులు జరిగాయి, జనం వచ్చారు. మార్చికల్లా కోవిడ్. దాన్ని లీగు ఖాతాలో వెయ్యడం అన్యాయం. కానీ కోవిడ్ పోయాక జరిగినదాన్ని ఏ ఖాతాలో వెయ్యాలి? ఫిలడెల్ఫియాలో ఐదు కోట్ల డాలర్లతో మూడున్నర వేల సీట్ల అరీనా కడతామని 2019లో ఘనంగా ప్రకటించారు. కట్టలేదు. జట్టే సియోల్‌కు వెళ్ళిపోయి పేరు మార్చుకుంది. సియోల్‌కు అప్పటికే ఒక జట్టుంది, ఇప్పుడు రెండు. ప్యారిస్ జట్టు లాస్ వేగాస్ చేరింది. అన్నిటికంటే ముచ్చటైనది లాస్ ఏంజెలెస్ వాలియంట్. 2021లో ఆ జట్టు చైనా కుర్రాళ్ళతో, చైనాలో కూర్చుని, లాస్ ఏంజెలెస్ తరఫున ఆడింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇలాంటి దస్తావేజు చూపిస్తే మన సబ్ రిజిస్ట్రారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

చైనాలో ఇంకో ప్రహసనం. లీగులో నాలుగు చైనా జట్లుండేవి. చైనాలో ఆ ఆటను నడిపేది నెట్‌ఈజ్. బ్లిజార్డ్‌కూ నెట్‌ఈజ్‌కూ ఒప్పందం చెడింది. 2023 జనవరి 23తో దేశం మొత్తంలో ఆట ఆగిపోయింది. హాంగ్‌జౌలో నెట్‌ఈజ్ ఆఫీసు ఆవరణలో బ్లిజార్డ్ వారి ఇంకో ఆట గుర్తుగా నిలబెట్టిన భారీ గండ్రగొడ్డలి విగ్రహం ఉండేది. దాన్ని కూలగొడుతూ లైవ్ స్ట్రీమ్ చేశారు. ఉద్యోగులు టీ తాగుతూ చూశారు. తమ ఊళ్ళో ఎవరూ ఆడలేని ఆటలో తమ ఊరి పరువు నిలబెట్టే పని ఆ నాలుగు జట్లది. వాటిలో చెంగ్డూ ఆ ఏడు దణ్ణం పెట్టి తప్పుకుంది.

చివరికి లెక్క తేల్చే రోజు. 2023 జులైలో బ్లిజార్డ్ మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ తన వాటాదారులకు చెప్పింది: కొత్త ఒప్పందానికి జట్లు ఓటేసి ఒప్పుకుంటే సరే, లేదంటే ఒక్కో యజమానికి 60 లక్షల డాలర్లిచ్చి సాగనంపుతాం, మొత్తం 11 కోట్ల 40 లక్షలవుతుంది. ఆ కాగితంలోనే ఇంకో వాక్యం: ఈ లీగు నుంచి వచ్చే రాబడి కంపెనీ మొత్తం రాబడిలో ఒక్క శాతం కూడా లేదు. ప్రపంచ నగరాల అభిమానమంతా కలిపి ఒక్క శాతానికి తక్కువ! నవంబరులో లీగు ముగిసినట్టే అన్నారు. ఆ మధ్యలో అక్టోబరు 13న కంపెనీనే మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఊళ్ళను అమ్మినవాడు తననూ అమ్ముకున్నాడు, చాలా మంచి ధరకు. అదే అక్టోబరులో ఫేజ్ క్లాన్ అనే మరో ఈ-స్పోర్ట్స్ సంస్థ కథా తేలింది. 2022 జులైలో 72 కోట్ల 50 లక్షల డాలర్ల విలువ కట్టుకుని స్టాక్ మార్కెట్‌కెక్కిన ఆ సంస్థను రెండు కోట్లలోపు ధరకు ఇంకొకరు తీసుకెళ్ళారు.

మనకు ఈ గొడవ పట్టదనుకునేవాళ్ళు మన ఫోన్లను ఓసారి గుర్తు చేసుకోవాలి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ మీద నిషేధం. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో పునర్జన్మ. 2022 జులైలో మళ్ళీ అదృశ్యం. 2023 మేలో మళ్ళీ ప్రత్యక్షం. ఓవర్‌వాచ్‌లో ఆటను ఆపే స్విచ్చు ఒక్కరి చేతిలోనే ఉండేది, ఇక్కడ కంపెనీ చేతిలో ఒకటి, ప్రభుత్వం చేతిలో ఒకటి. ఇలాంటి ఆట మీద రేపు ఎవరైనా వచ్చి మీ గుంటూరు పేరుతో, మీ వరంగల్ పేరుతో జట్టు అమ్ముతామంటే బేరమాడే ముందు స్విచ్చు ధర అడగండి. అది అమ్మకానికి ఉండదు.

అయినా ఊళ్ళ బేరం పాతబడింది లెండి. ఇప్పుడు ఈ-స్పోర్ట్స్ రాజధాని రియాద్. సౌదీ ప్రభుత్వ నిధికి చెందిన సావీ సంస్థ 2022లో ఈఎస్‌ఎల్, ఫేసిట్ అనే రెండు పెద్ద టోర్నీ సంస్థలను 150 కోట్ల డాలర్లకు కొని కలిపేసింది. లీగు పోయాక ఓవర్‌వాచ్ పోటీలు నడిపే పనీ వాళ్ళ చేతికే వెళ్ళింది. 2024 నుంచి రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పు. 2025లో ఇంకో ప్రకటన వచ్చింది: 2026 నవంబరులో నేషన్స్ కప్ పెడతాం, ఈసారి జట్లు దేశాల పేరు మీద ఆడతాయి అని. బ్రోచరు బాగుంది. జెండాలన్నీ రంగుల్లో వేశారు.