రెండు చదివింపుల పుస్తకములు

తన్ను గూర్చి లోకమేమనుకొనుచున్నదో తెలిసికొనగోరువాడు జ్యోతిష్కుని యొద్దకు పోనక్కరలేదు, ఎన్నికలలో నిలువనక్కర అంతకన్నను లేదు. ఒక్కమారు పుట్టినదినోత్సవము జరుపుకొని, అతిథులందఱును సెలవు గైకొనిన పిమ్మట, వారు తెచ్చిన పొట్లములను తీరికగా విప్పుకొనిన చాలును. "మీకు అరవై ఏమిటండీ, నలభై దాటినట్టే లేరు" అని ముఖముననే పలికిన పెద్దమనిషి, రంగుకాగితములో మోకాలిపట్టీల జతను చుట్టి, దానికి జలతారు రిబ్బను కట్టి, చిరునవ్వుతో చేతికిచ్చి పోవును. నాలుక మర్యాదకు లోబడును గాని కానుక లోబడదు.

ఈ రహస్యము మాకు తేటపడినది రాజమహేంద్రవరములో, మా మిత్రుని షష్టిపూర్తి మరునాటి సాయంకాలమున. మిత్రుడు 1964వ సంవత్సరమున, క్రోధి నామ వత్సరములో జన్మించెను. ప్రభవాదిగా గల అరువది సంవత్సరముల చక్రము ఒక్కచుట్టు తిరిగి, 2024 ఉగాదికి మరల క్రోధి ప్రవేశించినది. బృహస్పతి రాశిచక్రమును రమారమి 12 ఏండ్లకును, శనైశ్చరుడు 30 ఏండ్లకును చుట్టివత్తురు గనుక, అరువదవ యేట ఆ యుభయులును మన జన్మకాలమందున్న తావులకే యించుమించుగా చేరుకొందురనియు, అందువలననే ఆ వయస్సునకు అంత ప్రాశస్త్యమనియు పురోహితుడు సభాముఖమున గంభీరముగా వివరించుచుండగా, మా లెక్కల మాస్టారు నా చెవిలో, "గురుడు అయిదు చుట్లు తిరిగాడు, శని రెండు చుట్లు తిరిగాడు, వీడు మాత్రం కోటగుమ్మం సెంటరు దాటలేదురా" అనెను.

అసలు ఆ శుభదినమును నిర్ణయించుటయే ఒక వ్యాజ్యమై కూర్చున్నది. మా తరమువారిలో పెక్కుమందికి జన్మదినములు రెండు: తల్లి కన్నది యొకటి, బడిపంతులు కన్నది మరియొకటి. తండ్రి వచ్చి తిథి చెప్పినను, నక్షత్రము చెప్పినను, గోదావరికి వరద వచ్చిన యేడని చెప్పినను, పంతులుగారు నిర్వికారముగా జూలై 1 అని రిజిస్టరులో వ్రాసికొని తరువాతి పిల్లవానిని పిలిచెడివారు. ఆ లెక్కను పట్టి మా మిత్రుని బ్యాంకివారు జూన్ 30వ తేదీనాడే పూలదండ వేసి యింటికి పంపిరి. పంచాంగము మాత్రము కార్తీక శుద్ధ దశమి వచ్చువరకు అరువది నిండవని పట్టుబట్టినది. నడుమ నున్న ఆ నాలుగు మాసములును ఆయన వృద్ధుడో కాడో తేలక, ఇంటిలో ఒకపరి సలహాదారుగను మరియొకపరి బజారుపనులకు కుఱ్ఱవానిగను చెలామణి యగుచు, మిక్కిలి యవస్థ పడెను.

ఎట్టకేలకు ఆ దినము వచ్చినది. ప్రాతఃకాలమున అభ్యంగనస్నానము, మార్కండేయునికిని చిరంజీవులకును నమస్కారములు, నువ్వులును బెల్లమును కలిపిన పాలు, ఉగ్రరథశాంతి, కలశజలాభిషేకము, ఆపైని కన్నబిడ్డల కన్నులయెదుట కట్టుకొన్న భార్య మెడలోనే మరల మాంగల్యధారణ. అన్నియు శాస్త్రోక్తముగనే జరిగినవి. సాయంకాలమున మాత్రము మనుమరాలు కేకు తెచ్చి, 6 అంకెయు 0 అంకెయు గల మైనపువత్తులను దానిపై నిలిపి వెలిగించి, "తాతయ్యా, ఊదు" అనుటయు, మిత్రుని తల్లి మంచముమీదినుండియే "శుభమా అని దీపం నోటితో ఆర్పుతాడా!" అని కేకవేయుటయు నొక్కమారే జరిగినవి. మిత్రుడు మాతృవాక్యమునకును మనుమరాలి కన్నీటికిని నడుమ, నోట నింపిన గాలిని ఊదనులేక మ్రింగనులేక, బుగ్గలు పూరించుకొని నిలిచిపోయెను. ఈలోగా 6 అంకె కరగి కేకుమీదికి వాలిపోయినది. ప్లీడరు మిత్రుడు తొంగిచూచి, "ఆరు పోయి సున్న మిగిలిందిరా! బ్యాంకిలో నీ ఖాతా సంగతి దీనికెవరు చెప్పారు?" అనెను. ఆ నవ్వుల గాలికే సున్నయు ఆరినది. అపరాధి యెవ్వడో తేలకపోవుటచే పెద్దావిడయు శాంతించెను.

మరునాడు వీధి అరుగుమీద మేము మిత్రులము పరివేష్టించి యుండగా పొట్లములు విప్పుట మొదలయ్యెను. గోడగడియారములు ఏడు, శాలువలు ఎన్నో లెక్కింపలేదు గాని, మేనెలలో 45 డిగ్రీల యెండ కాయు ఊరిలో హిమాలయవాసమునకు సరిపోవునన్ని. రాగి నీళ్లసీసాలు, భగవద్గీతలు, నడుముపట్టీ, వెండిపొన్నుగల చేతికఱ్ఱ. అపుడు మాస్టారునకు చదివింపుల పుస్తకము జ్ఞాపకమువచ్చి, ఎవరెవరు ఏమిచ్చిరో వ్రాసితీరవలెననెను. మన దేశమున చదివింపులు వట్టి కానుకలని యెవరైన తలచినచో వారు సంసారులు కారు, అవి చేబదుళ్లు. వారింట శుభకార్యమైనపుడు అంతకు తగ్గకుండ మనము చదివింపవలయును గనుక, ఆ పుస్తకమును దస్తావేజులతోపాటు పెట్టెలో దాచుదురు. ఇల్లాలు లోనికి పోయి, క్రొత్త పుస్తకముతోపాటు 1990 నాటి తమ మొదటిపెండ్లి చదివింపుల పుస్తకమును గూడ తెచ్చి మా ముందుంచెను. దాని అంచులకు పసుపు ఇంకను పోలేదు.

ఇక కావలసినదేమి? అదే వధువు, అదే వరుడు, చాలవరకు ఆ చదివించిన చేతులును అవే! రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన తెఱచి, మాస్టారు ముక్కుమీదికి కళ్లజోడు దించి తనిఖీకి దిగెను. మేనమామ 1990లో నూటపదహార్లు చదివించెను, 2024లో వెయ్యినూటపదహార్లు. సభ హర్షించుచుండగా మాస్టారు పెన్సిలు తీసి, "ఆగండాగండి. ముప్ఫై నాలుగేళ్లలో నూటపదహారు వెయ్యినూటపదహారైతే, మీ మేనమామ ప్రేమ ఏడాదికి ఏడు శాతం లోపే పెరిగిందన్నమాట. దీనికంటె ఫిక్సెడ్ డిపాజిట్టు నయం గదరా" అని తేల్చెను. మామగారు మొదటి పుస్తకములో హెచ్.ఎం.టి. చేతిగడియారమై యుండిరి. ఆ గడియారములు చేయు సంస్థ 2016లో మూతపడినది, చదివించిన మామగారును లేరు. గడియారము మాత్రము కీ యిచ్చినంతకాలము అల్లునితోపాటు నడచుచునే యున్నది. క్రొత్తవి ఏడును బ్యాటరీలు లేక నిలిచియుండుటచే ఏడును ఏడు వేళలు చూపుచుండెను.

పాత పుస్తకములో మా వంతు వచ్చినది. ఉద్యోగములు లేని మేము నలుగురమును చేరి నిమ్మరసపు గ్లాసుల సెట్టు ఒకటి చదివించియుంటిమి. సెట్టునకు ఆఱు గ్లాసులగుటచే తలకు ఒకటిన్నర గ్లాసని మాస్టారు ప్రక్కన చీటీవేసెను. క్రొత్త పుస్తకములో ముగ్గురము కలిసి రక్తపోటు చూచుకొను యంత్రమిచ్చితిమి. నాలుగవవాడగు జీవితబీమా ఏజెంటు ఈ మారు వేరుకుంపటి పెట్టెను. వాని సంగతి తరువాత.

"అప్పుడు పోసుకోడానికి గ్లాసులిచ్చాం, ఇప్పుడు పోసుకున్నదాని ఫలితం చూసుకోడానికి మిషనిచ్చాం. మా ప్రణాళికలో లోపమేముంది?" అని ప్లీడరు వాదించెను. యంత్రము మంచిచెడ్డలు పరీక్షింపవలెనని పట్టీ తెచ్చి అందఱి జబ్బలకును వరుసగా చుట్టిరి. పుచ్చుకొన్నవానికి 120/80, ఇచ్చినవారిలో ప్లీడరునకు 160/100. ఆతడు వెంటనే, ఆ యంత్రము సాక్ష్యముగా చెల్లదనియు, ఎదుటిపక్షమువారి యింట ఎదుటిపక్షమువారే తీసిన కొలత గనుక పునర్విచారణ జరుగవలెననియు వాదించుచుండగా ఒత్తిడి మరి నాలుగంకెలు పెరిగినది.

అప్పటివరకు గుమ్మములో నిలువబడి వినుచున్న ఇల్లాలు, పాత పుస్తకము నందుకొని, వేలితో పేర్లను త్రోసికొనుచు చదువసాగెను: ప్రెషరు కుక్కరు రెండు, పాల కుక్కరు, స్టీలు బిందెలు, ఇడ్లీపాత్ర, కాఫీ ఫిల్టరు, రుబ్బురోలికి బదులు మిక్సీ. పిమ్మట క్రొత్తదానిని చదివెను: శాలువ, నడుముపట్టీ, మోకాలిపట్టీ, తలదిండు, కాళ్లు పిసికే మిషను.

"చూశారా అన్నయ్యగారూ," అనెను నాతో, మిక్కిలి నెమ్మదిగా, "మొదటి పెళ్లికొచ్చినవన్నీ నేను చెయ్యడానికి. రెండో పెళ్లికొచ్చినవన్నీ ఈయన పడుకోడానికి."

ముప్పదియేండ్లకు పైగా జిల్లాకోర్టులో నోరుమూయని ప్లీడరు ఆ దినమున తన బొటనవ్రేలిని పరీక్షించుకొనెను. మాస్టారు పెన్సిలు జేబులో పెట్టుకొనెను. మిత్రుడు మాత్రము కొంతసేపటికి ధైర్యముచేసి, "కాళ్లు పిసికే మిషను నువ్వే వాడుకోవే" అనగా, "వాడుకుందామనే చూశాను, ప్లగ్గు పాయింటు మీ మంచం దగ్గరే ఉంది" అని ఆమె లోనికి పోయి అందఱికిని కాఫీ తెచ్చెను. తెచ్చినది 1990 నాటి ఫిల్టరు డికాక్షనే గనుక దానికి ఎవరమును వంక పెట్టలేదు.

మాట మార్చవలసిన యగత్యమేర్పడి అందఱి దృష్టియు అరుగు చివరనున్న కొబ్బరిమొక్క మీదికి పోయినది. అది బీమా ఏజెంటు కడియపు నర్సరీనుండి స్వయముగా మోసితెచ్చిన కానుక. ఎవని ఆయువెంతయో పట్టికలు చూచి ప్రీమియము కట్టించుటయే వృత్తిగా గలవాడు కొబ్బరిమొక్క నిచ్చుటచే దానికొక అధికారపత్రపు గౌరవము వచ్చినది. మా మిత్రుడు కన్నులు చెమర్ప, "చూడండిరా! మీరందరూ నన్ను మంచంలో పడుకోబెట్టారు. వీడొక్కడే నేను బతుకుతానని నమ్మాడు. కొబ్బరిచెట్టు కాపుకి రావడానికి తక్కువలో తక్కువ ఆరేడేళ్లు పడుతుంది" అని ఏజెంటును కౌగిలించుకొనెను.

ఏజెంటు ఆ కౌగిలిలో ఇబ్బందిగా మెదలి, "అది పొడుగు రకం మాటరా. ఇది గంగాబొండం, పొట్టిది. మూడు నాలుగేళ్లకే కాసేస్తుంది" అనెను.

"రెండు రకాలూ ఉన్నాయా అక్కడ?" అని మాస్టారు ప్రశ్నించెను.

"ఉన్నాయి. ధర కూడా ఒకటే," అని ఏజెంటు కాఫీగ్లాసు నందుకొనుచు, "ఎందుకైనా మంచిదని పొట్టిది తెచ్చాను."