నున్నటి గిన్నెకు వంకర దారులు

లేతు కొన్నారు, సంతోషం. టేకు దిమ్మలోంచి గిన్నె కూడా తీశారు. ఇక నునుపు చెయ్యాలి. ఈ విషయం వడ్రంగి మేస్త్రీలని అడక్కండి. ముందు ఉలి నూరుకు రమ్మంటారు. ఉలి నూరే ఓపికే ఉంటే శాండింగ్ డిస్కుల మీద డబ్బెందుకు తగలేస్తాం?

డిస్కుల గరుకు నంబర్లని 120, 180, 240, 320, 400 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కడం చాదస్తం. 80 నంబరుతో ఓ పట్టు పట్టి ఏకంగా 600కి దూకండి. 80 పెట్టిన గీతలు 600కి చెరగవు, ఒప్పుకుంటాను. కానీ పొడి చెక్క మీద అవి కనపడి చావవు. నూనె పట్టించాకే తేలతాయి. కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో పెడితే గిన్నె చుట్టూ గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు గీతలే గీతలు. అంచేత కిటికీ మూసెయ్యండి. ఎవరైనా అడిగితే చేత్తో చేసినదండీ అనండి.

డిస్కు వెనక నంబరుకు ముందు ‘పి’ అని ఉందా లేదా అని చూడకండి. పి ఉన్నది ఐరోపా లెక్క, లేనిది పాత అమెరికా లెక్క. పి 400లో రేణువు దాదాపు 35 మైక్రాన్లు, ఉత్త 400లో 23 దగ్గర. పి 600 అయితే 26. అంటే ఉత్త 400 అయ్యాక పి 600 పట్టుకున్నవాడు పైకెక్కుతున్నాననుకుంటూ ఒక మెట్టు దిగుతాడు. మీరు అన్నీ ఒకే డబ్బాలో పోసి, చేతికి ఏది తగిలితే అది తగిలించండి.

గిన్నె లోపల ఎదురెదురుగా రెండు చోట్ల నార లేచి గరుగ్గా ఉంటుంది. అక్కడ ఉలికి నార అడ్డంగా తగులుతుంది. పదునైన ఉలితో ఒక్క పల్చటి పొర తీస్తే పోయేదే. అయినా డిస్కునే అదిమి పట్టండి. ఆ రెండు చోట్లా చెక్క గట్టిగా నిలబడుతుంది, పక్కనున్న మెత్తది అరిగిపోతుంది. గుండ్రటి గిన్నె కాస్తా కోలగా తయారవుతుంది. డిస్కు కింద స్పాంజి మెత్త కూడా వద్దు. గట్టి ప్యాడ్ అంచు లోపలి వంపులో గాడి కోస్తుంది. దాన్ని డిజైన్ అనేసుకోవచ్చు.

స్పీడు పూర్తిగా పెంచి, వాసన వచ్చేదాకా నొక్కండి. నూనె ఉన్న చెక్క పొడి డిస్కుని పూడ్చేస్తుంది. నల్లగా మెరిసే ఆ డిస్కు ఇక కొయ్యదు, రుద్ది కాలుస్తుంది. ఆ వేడికి చెక్కలో సన్నటి పగుళ్లు వస్తాయి, ప్యాడ్ మీది వెల్క్రో ముళ్లు కరుగుతాయి, డిస్కు ఎగిరి ఎదురుగోడకి కొట్టుకుంటుంది. అయినా పారెయ్యకండి, డబ్బు పెట్టి కొన్నది కదా.

అన్నట్టు, ఏటికొప్పాక వైపు వెళ్లకండి. అక్కడ అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు లక్క ముక్క ఒత్తిపెడతారు. రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. వేడి అక్కరకొచ్చేది అక్కడే. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆకుతో అంత మెరుపు చూశాక మీ డిస్కుల డబ్బా మీద మీకే విరక్తి పుడుతుంది.

చివరగా మాస్కు. అది పెట్టుకుంటే ఫొటోలో మొహం కనపడదు కాబట్టి వద్దని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడి, గంటల తరబడి గాలిలోనే తేలుతూ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. పైన చెప్పినవన్నీ తిరగేసి చదువుకోండి గానీ దీన్ని ఉన్నదున్నట్టే చదవండి: మంచి మాస్కు కొనుక్కోండి, డిస్కుల కంటే ముందు.