ఎక్కించేది నేను, నడిచేది మీరు

నా మొదటి బతుకు ఎక్స్‌ప్రెస్‌ది. పెద్ద రోడ్లు, బైపాసులు, ఆగితే పెద్ద బస్టాండుల్లోనే ఆగడం. దారిలో ఊళ్ళ పేర్లు పచ్చ బోర్డుల మీద చదివానేగానీ ఆ ఊళ్ళలోకి పోయింది లేదు. కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాక వర్క్‌షాపులో నాకు రంగు మార్చి, సీట్లు మార్చి, నెత్తిన ‘పల్లెవెలుగు’ అని రాశారు. ఆర్టీసీలో ఇది మామూలే, వయసు మీదపడ్డ ఎక్స్‌ప్రెస్సులు పల్లెలకు వస్తాయి. చెయ్యెత్తితే ఆగడం, చింతచెట్టు కింద ఒక్క మనిషి నిలబడినా బ్రేకు వేయడం అప్పుడు నేర్చుకున్నాను. చెప్పుకోదగ్గ బతుకు నాకు అక్కడి నుంచే మొదలైంది.

నా మకాం మదనపల్లె. ఊరు రెండు వేల అడుగుల పైన ఉంటుంది కాబట్టి వేసవిలో కూడా తెల్లవారుజామున నా రేకులు చల్లగానే ఉంటాయి. 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి 1919లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి, ఇక్కడున్నప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చాడు. నా సీట్లలో కూర్చునేవాళ్ళకు మాత్రం మదనపల్లె అంటే ముందుగా టమాటా. మండీలో సరుకు అమ్ముకుని తిరిగొచ్చే రైతుల్ని చూస్తే చాలు, ఆ పొద్దు ధర ఎంత పలికిందో నాకు తెలిసిపోతుంది. బాగుంటే ముందు సీట్ల దగ్గర గుమికూడి గట్టిగా మాట్లాడుకుంటారు. పడిపోతే కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు.

నా డ్యూటీలన్నిట్లో నాకు ఇష్టమైంది హార్సిలీ హిల్స్ ట్రిప్పు. అంగళ్ళులో ఇంజనీరింగ్ పిల్లలు దిగిపోతారు, కురబలకోట దాటాక బస్సు సగం ఖాళీ అవుతుంది. సెలవు రోజుల్లో అప్పుడు కనిపిస్తారు నా ప్రత్యేకమైన ప్రయాణికులు. వీపుకు సంచి, చేతిలో నీళ్ళ సీసా, కాళ్ళకు దుమ్ము పట్టిన బూట్లు. బెంగళూరు నుంచో తిరుపతి నుంచో బస్సుల్లోనే వచ్చి నన్ను అందుకున్నవాళ్ళు.

“యాడ దిగతారప్పా?” అంటాడు కండక్టరు.

“కొండమీద అన్నా. మళ్ళీ కిందికి నడిచి వస్తాం.”

“బస్సుండగా నడిచేదేంది?”

వెనక సీట్లోంచి అవ్వ అందుకుంటుంది. “ఏం నాయనా, మా చిన్నప్పుడు మల్లమ్మ కాడికి నడిచే కదా పొయ్యేది!”

అక్కడి నుంచి కథ మొదలవుతుంది. ఏనుగుల మంద సాకిన పిల్ల మల్లమ్మ. కొండమీది చెంచులకు జబ్బు చేస్తే ఆకుమందు ఇచ్చి నయం చేసేదట. ఒకనాడు కనబడకుండా పోయింది. దేవతేనని నమ్మి గుడి కట్టుకున్నారు. అందుకే ఇది ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఎండాకాలానికి పైన ఇల్లు కట్టుకుంటే కొండకు ఆయన పేరు పడింది. అవ్వలు ఇప్పటికీ మల్లమ్మనే తలుచుకుంటారు, నేనూ వాళ్ళ పక్షమే.

ఘాట్ మలుపుల్లో డ్రైవరు సెకండ్ గేరుకు దింపుతాడు. ఇంజను మూలుగుతుంది గానీ నాకు ఆ కష్టం ఇష్టం. కిందనుంచి వెంట వచ్చిన రాళ్ళ వేడి ఒక్కో మలుపుకూ పల్చబడి, నీలగిరి ఆకుల వాసన కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. అంతవరకూ ఫోనులో తల దూర్చినవాళ్ళు కూడా తల ఎత్తుతారు. నాలుగు వేల అడుగులు దాటాక నా పని అయిపోతుంది. పైన నేను ఆగేది కాసేపే.

అక్కడి నుంచి ముందుకు నాకు దారి లేదు, వాళ్ళకుంది. గాలిబండ గురించి నేను విన్నదే చెబుతున్నాను. కొండ అంచున ఆ బండమీద నిలబడితే గాలి మనిషిని వెనక్కి నెడుతుందట. కింద చెరువులు, పొలాల మడులు, మట్టి దారులు ఒక్కచూపులో కనిపిస్తాయట. 1859లో నాటారని చెప్పే నీలగిరి చెట్టు ఒకటుంది, దాని మొదలు చుట్టూ చేతులు కలపాలంటే ఒక్కరి వల్ల కాదంటారు.

కారులో కొండకు వచ్చేవాళ్ళను రోజూ చూస్తుంటాను. ఎంత దూరం నడవాలనుకున్నా వాళ్ళు కారు దగ్గరికే తిరిగి రావాలి. సగం మనసు పార్కింగులో ఉంటుంది, నడిచిన దారినే మళ్ళీ నడవాలి. నాతో వచ్చినవాడికి ఆ తాడు లేదు. ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కవచ్చు. కొండమీద నన్ను వదిలి, ఘాట్ వెంట మెల్లగా దిగి, కొండ మొదట్లో మదనపల్లె పొయ్యే ఏ పల్లెవెలుగుకైనా చెయ్యెత్తవచ్చు. మాకు చెయ్యెత్తితే చాలు కదా! నడక కోసమే ఇల్లు కదిలినవాళ్ళకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తోచదు.

దిగేదారిలోనే అసలు సొగసు. పైన నీలగిరులు, గంధం చెట్లు, తర్వాత పొదలు, రాతిగుండ్లు. ఆ గుండ్ల మధ్య పసుపు గొంతు పిగిలిపిట్ట తిరుగుతుంది. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతి కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా లేని పిట్ట అది. అద్దాలు ఎత్తుకుని దిగిపొయ్యేవాళ్ళకు దాని గొంతు వినబడదు. నా చప్పుడుకు కూడా అది పొదలోకి దూరుతుంది. నడిచేవాళ్ళకే దొరుకుతుంది. దాన్ని చూసినవాళ్ళు తర్వాత బస్సెక్కి పక్కవాళ్ళకు ఎంత ఆత్రంగా చెబుతారో వినాలి. శీతాకాలం మొదట్లో వస్తే రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు కూడా ఉంటాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. పొద్దు వాలకముందే కింద ఉండాలి. వంకలోకి, పొదల్లోకి దారులు వెతుక్కోకుండా రోడ్డు పట్టుకుని నడవండి. కోతుల ముందు తిండి సంచి విప్పకండి.

కొండ ఓపిక లేనివాళ్ళకు కింద పల్లెదారులున్నాయి. కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి ఈ కొండల నడుమ లోయలోనే ఉంది. బడిలోకి అనుమతి లేకుండా పోకూడదు. వేణుగోపాలస్వామి గుడి ఉన్న తెట్టు వైపు ఊరిదారి అందరిదీ. ఆ దారిలో చెనక్కాయ చేలు, టమాటా కట్టెల వరుసలు చూసుకుంటూ నడవవచ్చు.

నన్ను కొన్నాళ్ళు గుర్రంకొండ డ్యూటీకి వేశారు. అక్కడ బస్సు దిగితే కొండకోట కళ్ళెదుటే, దాని పాదాల దగ్గర రంగినీ మహల్. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు నాలాంటి బస్సుల్లో ఛార్జీ లేదు, కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. ఆ తర్వాత ఒక ఆదివారం కొందరు ఆడవాళ్ళు సంగటి, ఊరిబిండి మూటగట్టుకుని ఎక్కారు. ఆసుపత్రికో సంతకో తప్ప ఎన్నడూ నన్ను ఎక్కనివాళ్ళు. సాయంత్రం తిరుగు ట్రిప్పులో వాళ్ళ కాళ్ళకు కోట దుమ్ము, ఒడిలో ఖాళీ గిన్నెలు. “ఇంత దగ్గరుండీ నలభై ఏండ్లు రాకపోతిమే వదినా” అంది ఒకావిడ. నా సర్వీసులో విన్న మంచి మాటల్లో అదొకటి.

ఇంత ఇష్టంగా ఎందుకు పిలుస్తున్నానంటే, ట్రిప్పులు ఆగిపోవడం నేను చూశాను. ఒక పల్లెకు సాయంత్రం పొయ్యే బస్సు ఉండేది. ఆటోలొచ్చాయి, బండ్లొచ్చాయి, సీట్లు ఖాళీ అయ్యాయి. కిలోమీటరుకు వచ్చే రాబడి డీజిలుకు కూడా సరిపోలేదు. ఒకరోజు బోర్డు తీసేశారు. బండి లేని ముసలివాళ్ళు, హైస్కూలుకు పొయ్యే ఆడపిల్లలు ఆ స్టేజీలో చాలారోజులు నిలబడి చూశారు. లెక్క చూసేవాళ్ళను తప్పుపట్టను. టికెట్టు మిషనులో పడిన సంఖ్యే వాళ్ళకు కనిపిస్తుంది. ఆ సంఖ్యలో సెలవురోజు నడకకు వచ్చిన మీరూ ఉంటే ఆ స్టేజీలో నిలబడ్డ పిల్లకు బస్సు మిగులుతుంది. మీ సరదాకు పెట్టిన ఛార్జీ మరొకరి అవసరాన్ని మోస్తుంది. ఊళ్ళకు మీరు చేయగల మేలు ఇంత సులువుగా మరోటి ఉందనుకోను.

రాబోయే ఆదివారం బండి తాళాలు ఇంట్లోనే పెట్టి రండి. చిల్లర తెచ్చుకోండి. తిన్న పొట్లాలు, ఖాళీ సీసాలు కొండమీద వదలకుండా సంచిలోనే వెనక్కి తీసుకురండి. పైన దిగేటప్పుడు కండక్టరును ఒక్కటి అడగండి: “ఆఖరి బస్సు ఎన్ని గంటలకన్నా?” కొండకు ట్రిప్పులు తక్కువ. ఆ టైము తెలుసుకుని నడక మొదలుపెట్టండి.