కోట జంక్షన్లో కింగ్‌స్టన్

మా విజయనగరం వాళ్ళకి రాత్రిపూట నాగరికత కావలిస్తే విశాఖపట్నం వెళ్ళాలి. అరవై కిలోమీటర్లు. వెళ్ళడానికి సాయంత్రం బోలెడన్ని రైళ్ళు, బస్సులు. అర్ధరాత్రి తిరిగి రావడానికి మాత్రం దేవుడే దిక్కు. ఆమధ్య మా మేనల్లుడు, కారు కొన్న ఉత్సాహంలో, బీచ్ రోడ్డు వైపు ఒక పబ్బుకి నన్ను లాక్కెళ్ళాడు. గుమ్మంలో బోర్డు: ‘గ్లోబల్ బీట్స్ అండ్ రెగే నైట్’. డబ్బు కట్టించుకుని ముంజేతికి కాగితం పట్టీ వేశారు. ఆస్పత్రిలో చేర్చుకున్నట్టే వేశారు.

లోపల చీకటి. ఎత్తు బల్ల వెనక ఒక కుర్రాడు ఒక చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని మీటలు తిప్పుతున్నాడు. ఆఫ్రికా వచ్చింది, బ్రెజిల్ వచ్చింది, మధ్యలో పంజాబు కూడా వచ్చి వెళ్ళింది. కుర్రకారు గెంతుతూనే ఉంది. ఆ తరవాత రెగే మొదలైంది. నిమిషానికి డెబ్బయ్యో ఎనభయ్యో దెబ్బలు, అంతే. గెంతుతున్నవాళ్ళందరూ నీరుగారి కుర్చీలు వెతుక్కున్నారు. నేను లేచాను.

“ఏటి మావయ్యా, అందరూ కూకుంటే నువ్వు లెగుస్తావేటి?”

“ఇందాకట్నించీ నా నాడితో నడిచిన పాట ఇదొక్కటేరా” అన్నాను.

రెగేలో చమత్కారమేమిటంటే, మనం తాళం వేసే చోట గిటారు నోరు మెదపదు. చెయ్యి పైకి లేచాక టక్కుమంటుంది. డాన్సులు నేర్చిన కుర్రాళ్ళకి కాళ్ళు తడబడ్డాయి గానీ, మా ఊరివాడికి అదేమంత వింత? 1919లో గాన పాఠశాల పెట్టిన ఊరు మాది. మాకు సంగీతం రాకపోయినా, అనాగతం, అతీతం అంటూ, పాటని తాళానికి అటూ ఇటూగా ఎత్తుకునే ఎడుపు గురించి దెబ్బలాడుకునేవాళ్ళ పక్కింట్లో ఉండి పెరిగాం. అరక్షరం తేడా వస్తే కంగారు పడం.

ఇంటికొచ్చాక ఈ రెగే పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదువుతున్నకొద్దీ నాకు జమైకా కనిపించడం మానేసి మా ఊరి కోట జంక్షన్ కనిపించసాగింది. 1950ల నాటి కింగ్‌స్టన్‌లో పేదవాళ్ళకి క్లబ్బులో బ్యాండు వినే స్తోమతు లేదు. అందుకని కొందరు లారీ మీద జనరేటరు, రికార్డు ప్లేయరు, బీరువాలంత స్పీకర్లు ఎక్కించి వీధిలోకే పాట తెచ్చారు. దాన్ని సౌండ్ సిస్టమ్ అన్నారు. తొలి తరం పేరుమోసిన సిస్టమ్ ఒకటి టామ్ వాంగ్ అనే హార్డ్‌వేర్ కొట్టాయనది. ఆ తరవాత వెలిగిన డ్యూక్ రీడ్ మాజీ పోలీసు, మందు కొట్టు యజమాని. ఇద్దరు ఆపరేటర్లు ఎదురుపడితే ఎవరి బాక్సులు ఎక్కువ మోగుతాయో తేలేదాకా పోటీ. తన పాటేదో అవతలివాడికి తెలియకూడదని రికార్డు మీది చీటీ గీకేసేవారట. ఇదంతా వినాయక నిమజ్జనం నాడు రెండు డీజే బళ్ళు ఒకే సందులో ఎదురెదురుగా వచ్చినప్పుడు మా ఇంటి కిటికీలోంచి నేను చూసే దృశ్యమే. ఆ రోజు మా అల్మరాలో స్టీలు గ్లాసులు వాటంతటవే నడిచి అంచుదాకా వస్తాయి.

ఇంకోటి. కింగ్ టబ్బీ అని రేడియోలు బాగుచేసే మెకానిక్ ఒకాయన, పాటలోంచి గాయకుడి గొంతు తీసేసి, డ్రమ్మూ బేసూ మిగిల్చి, వాటికి ప్రతిధ్వని తగిలించాడు. దాన్ని డబ్ అంటారు. ప్రపంచం దాన్ని గొప్ప ఆవిష్కరణ అంది. మా పెళ్ళి ఊరేగింపుల్లో ఎప్పుడైనా పాడేవాడి గొంతు వినిపించిందా? ‘నాది నక్కిలీసు గొలుసు’ అయినా, అమ్మవారి పాటైనా, మా వీధికొచ్చేసరికి దడదడ ఒక్కటే మిగులుతుంది. మావాళ్ళు ఏ స్టూడియో అక్కర్లేకుండా రోజూ డబ్బులు చేస్తున్నారు, రెండర్థాల్లోనూ.

జమైకాలో పాట పెట్టేవాణ్ణి సెలెక్టర్ అంటారు. డీజే అంటే మైకు పట్టుకుని, పాట మీద మాటలు గుప్పించి, జనాన్ని నవ్వించి, తనూ ఊగేవాడు. ఆ లెక్కన మా ఊరి తొలి డీజే హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు గారే. గాన పాఠశాలకి తొలి ప్రిన్సిపాల్. కాలికి గజ్జె, చేతిలో చిరతలు, పాట, పద్యం, పిట్టకథ, చురక, గెంతు, అన్నీ ఆయనే. పబ్బులో కుర్రాడికి రెండు చక్రాలు తిప్పడానికి రెండు చేతులూ చాల్లేదు. దాసుగారు చేతులు రెండు, కాళ్ళు రెండు, తల ఒకటి, అయిదింటితో అయిదు తాళాలు ఒక్కసారి నడిపేవారని ప్రతీతి. కరెంటు లేకుండా!

రెగేని 2018లో యునెస్కో మానవజాతి వారసత్వంలో చేర్చింది. మా తప్పెటగుళ్ళకి ఆ జాబితాలో చోటు లేదు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, కాలికి గజ్జెలతో, నిదానంగా ఎత్తుకుని, చివరికి చూసేవాడికే ఆయాసం వచ్చే వేగానికి తీసుకెళ్ళే ఆట అది. టికెట్ పెట్టి, పైన రంగు దీపాలు తిప్పితే ‘గ్లోబల్ బీట్స్’ కాదా అని నా అనుమానం.

చట్టం సంగతీ చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. ఆ లెక్కన మా వంటింట్లో కుక్కర్ కూడా నేరస్తురాలే. నాలుగు గోడలు కట్టి, తలుపు మూసి మోగిస్తే సంస్కృతి. లారీ ఎక్కించి మోగిస్తే కేసు. గుండెజబ్బు మనుషులున్న వీధిలో నేనూ ఫోన్ తీసి పోలీసులకి చెప్పినవాణ్ణే, చెబుతాను కూడా. కానీ కింగ్‌స్టన్ లారీకి అసలైన వారసుడు ఆ ఏసీ గదిలో కుర్రాడు కాదు, మా జనరేటర్ బండివాడే. ఈ మాట మీద ఎవరితోనైనా పందెం.

నమ్మనివాళ్ళు మా ఊరి పైడితల్లి అమ్మవారి పండక్కి రండి. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం సిరిమాను ఉత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి ఊరు పడుకోదు. టికెట్ లేదు, చేతికి పట్టీ లేదు. దూది మాత్రం మీ ఊళ్ళోనే కొనుక్కుని రండి.