పొద్దున్నే లిగెటి వేయండి: రేడియోవాళ్లకు కొన్ని మొండి సలహాలు

కొత్త తరహా శాస్త్రీయ సంగీతాన్ని శ్రోతలకు పరిచయం చేయాలనుకునే రేడియోవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే మాటలు అందరికీ తెలిసినవే. తేలికైనదానితో మొదలుపెట్టు, ముందు బాగా వివరించు, రాత్రి పదకొండు దాటాక వేయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. నా సలహాలు వీటికి పూర్తిగా అడ్డం తిరుగుతాయి. కష్టమైనదే ముందు వేయండి. వివరించకండి. పొద్దున ఏడున్నరకు వేయండి.

రాత్రి పదకొండింటికి ఏరికోరి ఈ సంగీతం పెట్టుకునే మనిషికి మన పరిచయం అక్కర్లేదు, ఎప్పుడో పరిచయమైపోయింది. మనకు కావలసింది పోపు వేస్తూ, గడ్డం గీసుకుంటూ, పిల్లకు జడ వేస్తూ వినేవాళ్లు. చేతులు పనిలో ఉంటాయి కనుక చటుక్కున స్టేషన్ మార్చలేరు. చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి. టికెట్ కొని హాల్లో కూర్చున్నవాడు నాకు అర్థమవుతోందా లేదా అని తనను తాను పరీక్షించుకుంటూ వింటాడు. వంటింట్లో ఆ బెంగ ఉండదు. శబ్దం వస్తుంది, నచ్చితే నిలుస్తుంది.

వాళ్లకు ముందుగా వినిపించవలసింది గ్యోర్గి లిగెటి రాసిన ‘ఆట్మోస్ఫియర్’. తొమ్మిది నిమిషాలుంటుంది. ఆర్కెస్ట్రా దాదాపు అంతా ఒకేసారి, అతి మెల్లగా మొదలవుతుంది. ఒక్కొక్క వాద్యం ఒక్కొక్క స్వరం పట్టుకుని ఉంటుంది. పాట లేదు, తాళం లేదు, పక్కపక్క స్వరాలన్నీ కలిసి ఒక మందమైన పొరలా పరుచుకుంటాయి. ఆ పొర రంగు మారుతూ పోతుంది కానీ ఎక్కడ మారిందో పట్టుకోలేం. ఒకచోట పికలోలు పైపైకి ఎక్కి, ఇక చెవి భరించలేదు అనిపించేంత ఎత్తుకు చేరతాయి. మరుక్షణం కింద పాతాళంలో డబుల్ బాస్‌లు అందుకుంటాయి. ఆ దూకుడు విన్నప్పుడు గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోతుంది, ఆగి తీరుతుంది. 1961 అక్టోబర్‌లో జర్మనీలోని డోనాఎషింగెన్ ఉత్సవంలో ఒక రేడియో ఆర్కెస్ట్రా దీన్ని తొలిసారి వాయించినప్పుడు సభ మళ్లీ వాయించమంది. 1968లో కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో వాడుకుంటే, లిగెటి పేరు కూడా ఎరగనివాళ్లు లక్షలమంది థియేటర్లలో కూర్చుని విన్నారు. వాళ్లకెవరూ ముందు క్లాసు తీసుకోలేదు.

ఇక అనౌన్సర్ నోటి సంగతి. ‘ఇది కొంచెం కష్టమైన సంగీతం’, ‘ఓపికగా వినండి’, ‘మొదట వింతగా అనిపించవచ్చు’ అనే మూడు వాక్యాలూ స్టూడియోలో వినపడకూడదు. కష్టం అని మనం అన్నాక వినేవాడికి కష్టంగా కాక ఎలా ఉంటుంది? స్వరకర్త ఎవరి దగ్గర చదువుకున్నాడు, ఏ సిద్ధాంతం పట్టుకున్నాడు అనేవి కూడా వద్దు. ఎంతసేపుంటుందో మాత్రం తప్పకుండా చెప్పండి. తొమ్మిది నిమిషాలని తెలిస్తే మనిషి ఆగగలడు. ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం వల్లే సగంమంది రేడియో కట్టేస్తారు.

పేరు ముందు చెప్పకండి, అయిపోయాక చెప్పండి. క్షిష్టోఫ్ పెండెరెట్‌స్కి 52 తీగవాద్యాలకు రాసిన కృతికి మొదట పెట్టిన పేరు కేవలం దాని నిడివి, ఎనిమిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. వాద్యబృందం వాయించగా విన్నాకే ఆయన దాన్ని హిరోషిమా మృతులకు అంకితమిస్తూ పేరు మార్చాడు. ఈనాటి శ్రోత పేరు ముందే వింటాడు కనుక ఆ కీచుల్లో విమానాలనూ బాంబునూ వెతుక్కుంటాడు. పేరు తెలియని శ్రోతకు తీగల మీద కమాను ఏమేం చేయగలదో వినపడుతుంది. చివర్లో హిరోషిమా అన్నమాట చెవిన పడితే, అప్పటిదాకా విన్నదంతా ఒక్కసారి కొత్తగా వెనక్కి తిరిగి వస్తుంది. స్వరకర్త నడిచిన క్రమం కూడా అదే, మనం దాన్ని తలకిందులు చేయడం దేనికి?

మాటలున్న సంగీతానికి ఈ నియమం చెల్లదు, అక్కడ అర్థం ముందే చెప్పాలి. హెన్రిక్ గురెట్‌స్కి మూడో సింఫనీ రెండో భాగంలో గాయని పాడే మాటలు జాకొపానేలోని గెస్టాపో జైలు గోడ మీద పద్దెనిమిదేళ్ల అమ్మాయి రాసుకున్నవి, తల్లిని ఏడవవద్దని వేడుకునేవి. ఇది తెలియకుండా వినమనడం శ్రోతకు అన్యాయం.

ఆ సింఫనీ చరిత్రలోనే నా అన్నిటికంటే మొండి సలహా ఉంది. గురెట్‌స్కి దాన్ని రాసింది 1976లో. పదిహేనేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1992లో డాన్ అప్‌షా పాడిన రికార్డు వచ్చింది, అదే ఏడాది బ్రిటన్‌లో క్లాసిక్ ఎఫ్ఎం కొత్తగా మొదలై ఆ రెండో భాగాన్ని పదేపదే వేసింది. రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది. కనుక వేసిందే వేయండి. సోమవారం ఒక కృతి వేస్తే శనివారం దాకా రోజూ అదే వేళకు అదే వేయండి. సినిమా పాట మనకు ఒక్కసారి వినగానే నచ్చిందా? టీ కొట్టులో, బస్సులో, పక్కింటి కిటికీలోంచి చెవిన పడి పడి మనదైంది. దానికి అన్ని అవకాశాలిచ్చి, కొత్త సంగీతానికి ఒక్కటంటే ఒక్కటే ఇచ్చి ‘జనానికి ఎక్కలేదు’ అని తీర్పు చెప్పడం నాకు కోపం తెప్పిస్తుంది.

కానీ పాటలు తీసేసి ఆ స్థానంలో ఇది పెట్టకండి. 1950ల్లో సమాచార శాఖ మంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు పక్కకు నెట్టింది. జనం శాస్త్రీయ సంగీతానికి మారలేదు, రేడియో సిలోన్‌కు మారారు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. కొత్తదాన్ని పాతదాని మధ్యలో పెట్టాలి. బీబీసీలో 1959లో సంగీత విభాగం పగ్గాలు పట్టిన విలియం గ్లాక్ చేసింది ఇదే. గురువారం రాత్రి కచేరీల్లో మొత్సార్ట్‌నూ అప్పటికి ముప్పైల్లో ఉన్న పియర్ బులేజ్‌నూ ఒకే కార్యక్రమంలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఆధునిక సంగీతానికి ప్రత్యేక కార్యక్రమం అంటూ పెడితే అది వెలివాడ అవుతుంది.

తెలుగువాళ్లకు వేసేటట్లయితే ఒక జంట చెబుతాను. ఫిలిప్ గ్లాస్ 1980లో వచ్చిన ‘సత్యాగ్రహ’ ఒపేరా గాంధీ దక్షిణాఫ్రికా రోజుల గురించి. పాడేదంతా సంస్కృతం, మాటలన్నీ భగవద్గీతవే. చివరి ఘట్టంలో గాంధీ ఒక ఆరోహణను షడ్జం నుంచి పై షడ్జం దాకా మెల్లగా ఎక్కుతాడు, మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ ఎక్కుతాడు, అలా ఎన్నోసార్లు. ఆ స్వరాలు పియానో మీద చూసుకుంటే మన హనుమత్తోడివి. గమకం మాత్రం ఒక్కటీ లేదు. ముందు ఒక మంచి తోడి ఆలాపన వేసి, వెంటనే ఇది వేయండి, నడుమ మాట్లాడకండి. ఘంటసాల భగవద్గీత వింటూ పెరిగిన చెవికి ఆ మాటలు తెలుసు. తోడి ఎరిగిన చెవికి ఆ మెట్లు తెలుసు. తెలిసినవి రెండూ కలిసి అంత కొత్తగా ఎలా వినిపించాయో అని వాళ్లే ఆలోచించుకుంటారు.

ఇది కచేరీ హాలు సరుకు, రేడియోకు పనికిరాదు అనేవాళ్లకు ఒక జవాబు సిద్ధంగా పెట్టుకోండి. రేడియో ఈ సంగీతానికి పుట్టిల్లు. పియర్ షెఫర్ ఫ్రెంచి రేడియో ఉద్యోగి. పారిస్‌లోని బాటిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, ముక్కలు పేర్చి, మూడు నిమిషాల లోపు కృతి చేశాడు. 1948 అక్టోబర్ 5న అది ప్రసారమైంది. కొలోన్ రేడియోలో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో 1951లో మొదలైంది. అక్కడే స్టాక్‌హౌజన్ ఒక కుర్రవాడి గొంతునూ యంత్ర స్వరాలనూ ఒకదానిలో ఒకటి కరిగించి 1956లో వినిపించాడు. ఆ ఏడాది నవంబర్‌లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ వీధుల్లో కాలుస్తుంటే జనమంతా నేలమాళిగల్లో దాక్కున్నారు. లిగెటి మాత్రం పైన రేడియో దగ్గరే ఉండి, కొలోన్ నుంచి వచ్చే ఆ కృతిని విన్నాడు. డిసెంబర్‌లో సరిహద్దు దాటి ఆస్ట్రియా చేరాడు, అక్కణ్నించి కొలోన్ స్టూడియోకు. ఆయన స్వరకర్త, మామూలు శ్రోత కాడు అంటే ఒప్పుకుంటాను. కానీ ఆయనకు కూడా అందింది రేడియోలోంచే. మన దేశానికి సంబంధం లేదనేవాళ్లకు అహ్మదాబాద్ గుర్తుచేయండి. 1969లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేస్తే, మనవాళ్లే టేపుల మీద ప్రయోగాలు చేశారు.

జాన్ కేజ్ నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్ల మౌనం కూడా వేయండి, కత్తిరించకుండా. 2004 జనవరిలో బీబీసీ రేడియో 3 లండన్ నుంచి దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసినప్పుడు, నిశ్శబ్దం రాగానే వేరే సంగీతం అందించే అత్యవసర యంత్రాన్ని ముందే ఆపి ఉంచారు. మీరూ ఇంజనీరుకు చెప్పి ఉంచండి.

తిట్లు వస్తాయి. అవన్నీ ప్రసారంలో చదవండి, సమాధానం ఇవ్వకండి, మర్నాడు అదే కృతి వేయండి. ‘ఏది పడితే అది వాయించి సంగీతమంటారు, ఎవరికి తెలుస్తుంది’ అని ఒకరైనా రాస్తారు. 1961 జూన్‌లో బీబీసీ థర్డ్ ప్రోగ్రామ్‌లో హాన్స్ కెల్లర్, సుజన్ బ్రాడ్‌షా సరిగ్గా అదే చేశారు. స్టూడియోలో ఉన్న డప్పులూ తాళాలూ ఇష్టమొచ్చినట్టు బాది, పియోటర్ జాక్ అనే లేని స్వరకర్త పేరుతో ప్రసారం చేశారు. పత్రికల విమర్శకులు నిజమైన కృతి అనుకునే విన్నారు, విని బాగాలేదని రాశారు. అంటే తేడా తెలిసింది. మీ శ్రోతలకూ తెలుస్తుంది, ఆ నమ్మకం లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు.

ఇంత చేశాక ఒకటి మీరే తయారు చేయండి. ఆల్విన్ లూసియే 1969లో ఒక గదిలో కూర్చుని నాలుగు మాటలు చదివి రికార్డు చేశాడు. దాన్ని ఆ గదిలోనే వినిపిస్తూ మళ్లీ రికార్డు చేశాడు, దాన్ని మళ్లీ, దాన్ని మళ్లీ. ప్రతిసారీ గదికి ఇష్టమైన స్వరాలు బలపడతాయి, అక్షరాలు కరుగుతాయి. చివరికి మాట పోయి గది మోగుతుంది. వేరే మాటలతో కూడా చేయవచ్చని ఆయనే అనుమతించాడు కనుక, తెలుగులో ఒక పేరా రాసుకుని మీ గొంతుతో చేయండి. స్టూడియోలో తెరలూ తివాచీలూ శబ్దాన్ని మింగేస్తాయి, అక్కడ వద్దు. మెట్ల కిందో, ఖాళీ గోడౌన్‌లోనో, పాత బడి హాల్లోనో మైకు పెట్టండి. ముప్పావు గంట కావాలని స్టేషన్ డైరెక్టర్ని అడగండి. పావుగంట ఇస్తానంటే ఒప్పుకోకండి.