శబ్ద మొకటె వినుము: ఒక పాత బండికి టీకా తాత్పర్యం

అవతారిక

డబ్బున్న ఊళ్లలో పాత స్పోర్ట్స్ కారు మీద పుట్టే మోహం అనంతపురం సీమలోని పామిడిలో రెండు చక్రాలతోనే తీరిపోతుంది. ఆ మోహం పేరు యమహా ఆర్‌ఎక్స్ 100. 1985 చివర పుట్టి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీ, 11 గుర్రాల బలం, నూరు కిలోల పైచిలుకు బరువు. అంకెల్లో అల్పం, యాక్సిలరేటర్ తిప్పితే అనల్పం. హైవే పక్క టీకొట్టు దగ్గర ఒక బ్రోకరు ఈ వ్యాఖ్యాతకు చెప్పిన మాటలను గణాల్లో కూర్చితే ఈ ఆటవెలది అయింది.

ఒక్క చేతి బండి, యొక కిక్కు చాలును,
పొగయె లేదు, తుప్పు పొడయు లేదు,
శబ్ద మొకటె వినుము, సందేహ మేలయా,
కాగితాలు రేపు, కాసు లిపుడు.

టీక

ఒక్క చేతి బండి = ఒకే ఓనరు వాడినది (ఆర్సీలోని పేరు వేరైనను); ఒక కిక్కు చాలును = ఒక్క తన్నుకే స్టార్టగును (నీవు రాకముందే పది తన్నులు తన్నిరి గనుక); పొగయె లేదు = పొగ రాదు (రావలసినదైనను); తుప్పు పొడయు లేదు = తుప్పు జాడైనా లేదు (రంగు ఇంకా ఆరలేదు); శబ్దము ఒకటె వినుము = చూడకుము; సందేహము ఏల = అడగకుము; కాగితాలు రేపు = రేపు; కాసులు ఇపుడు = ఇప్పుడే. పద్యంలో వాచ్యార్థం పూర్తిగా పొసగినది ఈ చివరి మాట ఒక్కటే.

తాత్పర్యం

డబ్బియ్యి సామీ.

విశేషాలు

‘యొక’లో యడాగమం. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తరిమి ఆ చోట కూర్చుంటుంది అంటారు వ్యాకరణవేత్తలు. పాత బండిని చదవడానికి ఇంతకు మించిన సూత్రం లేదు. కొత్త అద్దాలు, స్టిక్కర్లు ఆగమాలు. వాటితో పేచీ లేదు. ఆర్‌ఎక్స్ 100 ఫ్రేములో ఆర్‌ఎక్స్ 135 ఇంజను కూర్చుంటే అది ఆదేశం. 100 ఇంజను నంబరు ‘1ఎల్1’తో మొదలవుతుంది. దాన్నీ చాసిస్ నంబరునూ వేలితో తడిమి, ఆకురాయి గీతలు లేవని చూసుకుని, ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చాలి. ఇక ఆయిల్ పంపు పీకేసి, 2టీ ఆయిలును పెట్రోలులో చేత్తో కలుపుతుంటే అది లోపం.

‘ఒక కిక్కు’. వేడి ఇంజను ఎవరు తన్నినా లేస్తుంది, చల్లని ఇంజనే నిజం చెబుతుంది. ముట్టుకుని చూద్దామంటే, మన ఎండలో మధ్యాహ్నం ఆపిన బండీ కాలుతుంది, ఆపని బండీ కాలుతుంది. అందుకే తెల్లవారుజామున, చెప్పకుండా పోవాలి.

‘పొగయె లేదు’. ఇది నిందాస్తుతికి తిరగేసిన రూపం, పొగడ్తలో దాగిన నింద. టూ స్ట్రోక్ ఇంజను పెట్రోలుతోపాటు ఆయిలునూ కాల్చాలి. బొత్తిగా పొగ లేదంటే ఆయిల్ అందడం లేదేమో, రేపో మాపో పిస్టన్ పట్టేస్తుందేమో అని అనుమానించాలి. వేడెక్కాక కూడా పొగ తగ్గకపోతే క్రాంకు ఆయిల్ సీలు చిరిగి గేరు ఆయిలును తాగుతూ ఉండవచ్చు.

‘శబ్ద మొకటె’. సైలెన్సర్ లోపలి గొట్టం తీసేస్తే ఏ బండైనా గర్జిస్తుంది. ఆ గర్జన కింద పిస్టన్ కటకటమంటోందా అన్నది వినాలి. అంటుంటే బోరు సంగతి అడగాలి. ఇక్కడ శ్లేష. అనంతపురం సీమలో బోరు ఒకటి చేలో, ఒకటి ఇంజన్లో. ఎన్నిసార్లు వేశారని రెండింటికీ అడగవలసిందే. 50 మిల్లీమీటర్ల సిలిండర్ను అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతూ పోతే, గోడ పలచబడి చివరికి కొత్త బ్లాకే గతి. చేలోనైనా ఇంజన్లోనైనా లోపల ఏముందో తెలిసేసరికి డబ్బు పోయి ఉంటుంది.

‘తుప్పు పొడ’. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. తుప్పు లేకపోవడం కరువు గొప్పతనం, ఓనరు గొప్పతనం కాదు. ఆ కరువు రేకును కాచి, దుమ్ముతో పిస్టన్ను తింటుంది. కనుక రంగు చూసి మురవక ఎయిర్ ఫిల్టర్ విప్పించాలి. ట్యాంకు మూత తీసి లోపలికి టార్చి కొట్టాలి.

‘కాగితాలు రేపు’. గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న జాతికి రేపు అంటే ఏమిటో విడమరచనక్కర్లేదు. ఆర్సీ ఆయుష్షు 15 ఏళ్లు, ఆపైన అయిదేళ్లకొకసారి రెన్యువల్. కడపటి ఆర్‌ఎక్స్ 100కు కూడా ఆ 15 ఏళ్లు 2011 ప్రాంతంలోనే నిండాయి. ఫారం 29, 30 మీద సంతకాలు, కర్ణాటక బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా కాసులు జేబులోనే ఉండాలి.

ఫలశ్రుతి

పామిడి గుడ్డల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. నైటీ గుడ్డనైనా తిరగేసి, గుంజి, వెలుతురుకు పట్టి చూడనిదే తీసుకోం. బండినీ అట్లే తిరగేసి చూసినవారు మోసపోరు.

ఈ వ్యాఖ్యాత మాత్రం మూడో పాదం దగ్గరే, శబ్దం విని, చదవడం ఆపేశాడు. నాలుగో పాదంలో రెండో సగం అప్పటికప్పుడే నెరవేరింది. మొదటి సగం రేపు.