పెళ్ళిపందిట్లో రెండు వాచీలను పోల్చే పద్ధతి

ముందు ధర తెలుసుకోండి. జరీ అసలుదో నకిలీదో తేల్చుకోకుండా గద్వాల చీరను మెచ్చుకోం కదా, ఇదీ అంతే. మీ చేతికి తాతగారి హెచ్‌ఎంటీ జనత, దుబాయ్ నుంచి దిగిన బావ చేతికి రోలెక్స్ డేట్‌జస్ట్ ఉన్నాయనుకుందాం. వనపర్తిలో పెళ్ళి, ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో. ‘‘ఎంతకు వడ్డది బావా?’’ అని అడగండి. ఆయన నవ్వి, చొక్కా చెయ్యి ఇంకో మడత పైకి మడిచాడంటే లక్షల్లోనే అని అర్థం. మీది ఎంతని అడిగితే ‘‘తాత పెళ్ళినాటిది’’ అనండి. ధర చెప్పలేనివాళ్ళకు చరిత్రే దిక్కు.

చరిత్ర కూడా కొంచెం దగ్గర పెట్టుకోండి. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాయి. 2016 జనవరిలో వాటి మూతకు కేంద్రం సరేనంది. అదే ఏడాది దసరాకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. అంటే మీ వాచీ మీ కలెక్టరాఫీసు కన్నా పెద్దది.

ఇక చెవి పరీక్ష. జనత సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది, ఆయనది 8 సార్లు. గంట లెక్కన 18,000, 28,800. బ్యాండుమేళం ఆగాకే వినండి. జనతలో 17 రాళ్ళు, రోలెక్స్‌లో 31. ఇరుసులు అరగకుండా పెట్టే కృత్రిమ కెంపులవి, అమ్మబోతే కంసాలి పైసా ఇవ్వడు. అయినా అత్తయ్య ‘‘ముప్పై ఒక్క కెంపులా!’’ అని నోరు తెరిచినప్పుడు మధ్యలో దూరకండి, మర్యాద కాదు.

రోజుకు 2 సెకన్లకు మించి తేడా రాదని రోలెక్స్ హామీ. సర్వీసు చూడని పాత జనత నిమిషం ముందుకో వెనక్కో పోతుంది. ముహూర్తం దాటిన అరగంటకు పెళ్ళికూతురు గదిలోంచి బయటికొచ్చే మన పెళ్ళిళ్ళలో ఆ 2 సెకన్లు ఎంత కీలకమో వేరే చెప్పాలా! ఈలోపు ఎవరైనా లేచి, ఐదొందల క్వార్ట్జ్ వాచీకి నెల మొత్తమ్మీద వచ్చే తేడా 15 సెకన్లే అన్నాడంటే వాణ్ణి చివరి పంక్తికి పంపండి.

మీకూ ఇంకో జనత కావాలనిపిస్తే ఆన్‌లైన్లో నారింజో గులాబీయో రంగు డయల్ ఉన్నదే ఏరుకోండి. ఏ పాత వాచీదో ముఖం గీకి, కొత్త రంగేసి, దాని మీద జనత అని అచ్చేసిందే కావచ్చు. ఫొటోలో మాత్రం మెరిసిపోతుంది.

మరమ్మతు సంగతి చూస్తే రోలెక్సే గెలిచింది. బస్టాండు పక్కన చిన్న అద్దాలపెట్టె వెనక కూర్చునే వాచీ రిపేరు ఆయన జనతను అరచేతిలో బోర్లించి, వెనక మూత తీసి, కంటికి భూతద్దం తగిలించి, ఉఫ్ అని ఊది, ‘‘నూనె ఎండింది సార్, మాపటికి రాండి’’ అంటాడు. ఇంత సులువుగా బాగయ్యేదానికి గౌరవమెక్కడిది? బావ వాచీని మాత్రం ఆయన ముట్టుకోకుండానే ‘‘మనతోని గాదు సార్, పట్నం తీస్కపోండి’’ అంటాడు. అదీ దర్జా.

చివరగా బావకో సలహా. అంత ఖరీదుది రోజూ పెట్టుకుని తిరగొద్దు, బ్యాంకు లాకర్లో పెట్టమనండి. చెయ్యి ఊగుతుంటే దానికి కీ ఎక్కుతుంది; ఊపు లేకపోతే 70 గంటలకు ఆగిపోతుంది. తర్వాతి పెళ్ళికి తీసినప్పుడు పక్కకు పోయి, ఎవరూ చూడకుండా, ఫోన్లో టైము చూసి పెట్టుకోమనండి.